ఊరినడిగితే ఆవిరి ఆగదు

భూతాప శక్తి గురించి ఎక్కడ చర్చ మొదలైనా ఒకే వాదన బలంగా వినిపిస్తోంది. భూమి లోపలి వేడి సామాన్యుడి కంటికి ఆనే విషయం కాదంటున్నారు. అంత లోతున రాతి పగుళ్లలో తిరిగే నీటికి పీడనం ఎంత, ఉష్ణోగ్రత ఎంత, రోజుకు ఎన్ని టన్నులు పైకి లాగవచ్చు అన్నవి శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు తేల్చవలసిన లెక్కలంటున్నారు. అందుకని నియమాలు వాళ్లే రాయాలి, దేశమంతటికీ ఒకటే విధానం ఉండాలి. ప్రాంతానికో నిబంధన, ఊరికో సభ అని కూర్చుంటే ప్రాజెక్టులు కాగితాల మీదే ముసలివైపోతాయి అన్నది వాళ్ల వాదన. పైగా ఇది పొగ లేని కరెంటు. ఎండ లేకపోయినా, గాలి వీచకపోయినా రాత్రింబవళ్లు వస్తుంది. భూగోళం వేడెక్కిపోతున్న ఈ కాలంలో ఇంత మంచి శక్తికి జనాభిప్రాయం పేరుతో అడ్డుపుల్ల వేయడం అన్యాయమని ముక్తాయింపు.

చదువుకున్నవాళ్లు, చెడు తలంపు ఏమాత్రం లేనివాళ్లు ఈ మాట అంటున్నారు. అందుకే దీన్ని పట్టించుకుని ఖండించాలి. భూతాప విద్యుత్తు కావలసిందేనన్న మాట నాకూ సమ్మతమే. కాని ఆ వేడి మీద బతుకుతున్న మనుషులను పక్కనపెట్టి రాసిన నియమాలు ఆ వేడినీ కాపాడలేవు, ఆ కరెంటునూ కాపాడలేవు. ఈ మాటకు న్యూజిలాండ్ డెబ్బయ్యేళ్ల అనుభవం సాక్ష్యం చెబుతోంది.

రోటోరువాలో జరిగింది

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో రోటోరువా పట్నం మొత్తం ఒక వేడినీటి క్షేత్రం మీద కూర్చుని ఉంది. పట్నం దక్షిణపు అంచున ఫకరెవరెవ లోయ. అక్కడి పోహుతు గీజర్ నీటిని 30 మీటర్ల ఎత్తు దాకా ఎగజిమ్ముతుంది. 1886 జూన్ 10న తారవేరా అగ్నిపర్వతం పేలి ఊళ్లను బూడిదలో కప్పేసినప్పుడు, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న తూహౌరంగి మావోరీలు ఈ లోయకు వచ్చి తమ చుట్టాల మధ్య స్థిరపడ్డారు. వాళ్ల సంతతి నేటికీ అక్కడే కాపురముంటోంది. పారెకోహురు అనే పెద్ద గుండం సలసలా కాగుతుంటే మొక్కజొన్న కంకులను, కూరగాయలను సంచిలో కట్టి అందులోకి దించుతారు. నేలలోంచి తన్నుకొచ్చే ఆవిరి మీద చెక్కపెట్టె అమర్చి మాంసమూ దుంపలూ ఉడికించుకుంటారు. ఆ గుండం నీటినే సన్నటి కాలువల్లో పారించి, ఆరుబయట కాస్త చల్లబడనిచ్చి, ఊరుమ్మడి స్నానపు తొట్లలోకి వదులుకుంటారు. వాళ్ల పొయ్యీ, స్నానాల గదీ, పెద్దల జ్ఞాపకమూ ఆ నీరే.

1953లో న్యూజిలాండ్ పార్లమెంటు భూతాప శక్తి చట్టం తెచ్చింది. ఆ వేడిని తవ్వి తీసే హక్కు, వాడుకునే హక్కు రాజ్యానికే ఉంటుందని రాసుకుంది. తరతరాలుగా ఆ నీటితో అన్నం వండుకుంటున్న హపూలకు, అంటే మావోరీ ఉపతెగలకు, ఆ చట్టంలో చోటు దొరకలేదు. 1967లో ఇంకో చట్టం పట్నంలోని బోర్ల మీద అధికారాన్ని నగరపాలక మండలికి అప్పగించింది. అదుపు మాత్రం రాలేదు. ఇళ్లు, మోటళ్లు, ఆఫీసులు వెచ్చబెట్టుకోవడానికి వందల బోర్లు పడ్డాయి. వేడి పిండుకున్నాక ఆ నీటిని తీసిన పొరలోకే తిరిగి పంపకుండా, చాలామంది పైపైన ఇంకుడు గుంతల్లోకి వదిలేశారు.

బోర్ల మీద సేద్యం చేసిన తెలుగు రైతుకు ఆ తర్వాత ఏమైందో విడమరిచి చెప్పనక్కర్లేదు. పక్క చేనులో బోరు లోతుకు పోయేకొద్దీ మన బోరు ఎండిపోవడం అనంతపురంలోనూ చూశాం, మహబూబ్‌నగర్‌లోనూ చూశాం. రోటోరువాలో ఎండింది గీజర్లు. లోపలి నీటిమట్టం కొద్దిగా పడిపోయినా గీజర్ నోరు మూతపడుతుంది. 1979 మార్చిలో పాపకురా గీజర్ ఆగిపోయింది. అప్పుడు కాని అధికారులకు దిగులు పుట్టలేదు. 1982లో లోతైన పరిశీలన మొదలుపెట్టారు. అంటే హక్కంతా తనదేనన్న రాజ్యం, చట్టం చేసిన మూడు దశాబ్దాలకు గాని లోపల ఏం జరుగుతోందో క్రమపద్ధతిలో కొలవలేదు. 1986లో పోహుతు చుట్టూ కిలోమీటరున్నర వ్యాసార్ధంలో ఉన్న బోర్లన్నీ మూసేయాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. వంద పైచిలుకు బోర్లు మూతపడ్డాయి. ఆ వలయం బయట ఉన్నవాళ్లు వాడకానికి రుసుము కట్టవలసి వచ్చింది.

"ప్రభుత్వమే కదా కాపాడింది?"

ఎదుటి పక్షం చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే. బోర్లు మూయొద్దని రోటోరువా జనం ఆందోళన చేశారు. వాళ్లను అడిగి ఉంటే పోహుతు ఈపాటికి చచ్చిపోయేది. జనాన్ని కాదని ప్రభుత్వం మొండిగా నిలబడబట్టే అది బతికింది. కాబట్టి జనవాక్కు ప్రమాదకరం అంటారు.

బోర్లు మూయడం అవసరమేనని ఒప్పుకుంటాను. ఆ ఆదేశం లేకపోతే గీజర్లకు ముప్పు తప్పేది కాదు. కాని అంతటి కఠినమైన ఆదేశం అవసరమయ్యే స్థితి ఎలా వచ్చిందో అడగాలి కదా. హక్కులన్నీ ఒకే చోట పోగుచేసుకుని, కొలతలు తీయకుండా, కాలానుగుణంగా నియమాలను తిరగేయకుండా ముప్పై ఏళ్లు గడిపినందువల్ల వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న పాలనను దూరదృష్టికి నమూనాగా చూపించడం తగదు.

ఇంకో సంగతి. 1986లో రోడ్డెక్కిన జనమెవరు? బోర్లు ఉన్నవాళ్లు. నేల మీద పారే బుగ్గలతో బతికే లోయవాసుల మాటకు చట్టంలో విలువే లేదు. ఒక వర్గం గొంతు మాత్రమే వినపడే ఏర్పాటు చేసి, ఆ గొంతు స్వార్థంగా ఉందని మొత్తం జనం మీద నేరం మోపుతున్నారు. జనాన్ని అడగడమంటే తీసుకునేవాణ్ణీ, పోగొట్టుకునేవాణ్ణీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అడగడం. అది 1986 దాకా జరగనే లేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆదేశంతో బోరు మూయవచ్చు. క్షేత్రాన్ని నడపడం ఆదేశంతో కాదు. బోర్లు మూశాక నీటిమట్టం పెరిగింది. ఆరిపోయిన బుగ్గలు కొన్ని తిరిగి వేడెక్కాయి. 2001 జనవరిలో పట్నం నడిబొడ్డునున్న కుయిరావు పార్కులో నేల పేలి వేడి బురద, రాళ్లు ఎగిసిపడ్డాయి. 2015లో పాపకురా గీజర్ దాదాపు ముప్పయ్యారేళ్ల మౌనం వీడి మళ్లీ చిమ్మింది. క్షీణిస్తున్న క్షేత్రం కోసం రాసిన నిబంధన కోలుకుంటున్న క్షేత్రానికి యథాతథంగా సరిపోదు. ఎక్కడ ఇల్లు కట్టవచ్చు, ఎక్కడ నేలను వదిలేయాలి, ఎంత వేడి ఎవరికి అన్న ప్రశ్నలు కొత్తగా పుట్టుకొచ్చాయి.

క్షేత్రాన్ని నడిపే పనిని 1991 నాటి వనరుల యాజమాన్య చట్టం అప్పటికే ప్రాంతీయ మండళ్లకు అప్పగించింది. బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతీయ మండలి 1999లో రోటోరువాకు ప్రత్యేక భూతాప ప్రణాళిక తెచ్చింది. పోహుతు చుట్టూ కిలోమీటరున్నర వలయాన్ని అలాగే ఉంచి, లోపలి నుంచి నీటిని తోడడాన్ని నిషేధించింది. నీరు తోడకుండా బోరులోకి గొట్టం దించి వేడిని మాత్రం గ్రహించే పద్ధతికి వేరే లెక్క పెట్టింది. నీటికీ వేడికీ మధ్య ఈ తేడా పట్టుకున్న నియమం దేశమంతటికీ ఒకే ముక్కలో రాసే విధానంలోంచి పుట్టదు. ఆ క్షేత్రాన్ని ఎరిగినవాళ్ల మధ్యే పుడుతుంది. ప్రాంతీయ నిబంధనలను పదేళ్లకోసారి సమీక్షకు పెట్టాలని ఆ చట్టమే శాసించింది. సమీక్ష ఎవరి దయా కాదు, చట్టం విధించిన బాధ్యత.

"పాతాళం సంగతి జనానికేం తెలుసు?"

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి న్యూజిలాండ్ దాకా పోనవసరం లేదు. ఈ శతాబ్దం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. పెద్ద చదువులు లేని ఆడవాళ్లూ మగవాళ్లూ రోజూ వానమాపకం చూసి రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి పరిశీలక బావుల్లో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊళ్లో గోడల మీద అందరికీ కనపడేట్టు రాశారు. రబీకి ముందు అంతా కూర్చుని, లోపల ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసింది ఎంత అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. లెక్క చూశాక చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఎవరూ వాళ్ల మెడ మీద కత్తి పెట్టలేదు. కంటికి కనపడని నీటిని అర్థం చేసుకునే శక్తి పల్లెకు ఉందనడానికి ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

ఫకరెవరెవ వాసుల విషయమూ అంతే. బుగ్గ రంగు మారితే, ఆవిరిపెట్టెలో వంట ఆలస్యమైతే, నిన్న నడిచిన చోట నేల ఇవాళ కాళ్లకు వేడి తగిలితే ముందు తెలిసేది వాళ్లకే. పరికరం ఒక బిందువు దగ్గర కొలుస్తుంది. ఊరు నేలంతటినీ గమనిస్తుంది. రోటోరువా ప్రణాళిక సమీక్షలో కొత్త ముసాయిదా రాయకముందే హపూల జ్ఞాపకాలను, పరిశీలనలను, అభ్యంతరాలను ఒక సంకలనంగా గ్రంథస్థం చేశారు. తాతల కాలంలో ఎక్కడ గీజర్ ఉండేది, ఏ బుగ్గ మీద ఏ భవనం కట్టారు అన్నవి యంత్రాలు పెట్టకముందటి సంగతులు. అవి శాస్త్రానికీ పనికొచ్చే సమాచారమే.

ఇక అసలు విషయం. శాస్త్రం ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలదు: ఇన్ని టన్నులు తోడితే ఇంత పీడనం తగ్గుతుంది, అప్పుడు ఫలానా బుగ్గ ఆగిపోవచ్చు. ఆ బుగ్గను పోగొట్టుకోవడానికి సిద్ధమా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఏ సమీకరణంలోనూ లేదు. వైకాటో ప్రాంతీయ మండలి తన పరిధిలోని భూతాప క్షేత్రాలను వర్గీకరించింది. వైరాకీ-టౌహరా, రొటోకావా, మోకాయ్, ఒహాకి వంటివి అభివృద్ధికి తెరిచింది. ఒరాకీ కొరాకో, తె కోపియా, వైయోటాపు-వైమంగు ఉన్న క్షేత్రం వంటివాటిని రక్షిత క్షేత్రాలుగా కట్టడి చేసింది. ఏది వాడుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్న ఈ విభజన విలువలకు సంబంధించిన నిర్ణయం. ఇంజనీరుకు అందులో ఒక ఓటు ఉంటుంది. మిగిలిన ఓట్లు కూడా తనవేనని అంటే ఒప్పుకోకూడదు.

"స్వచ్ఛమైన శక్తికి హద్దులెందుకు?"

పొగ రాకపోతే గాయం తగలదన్నది భ్రమ. వైరాకీ విద్యుత్ కేంద్రం 1958లో మొదలైంది. వేడినీటితో కలిసి వచ్చే ఆవిరితో కరెంటు తీసిన మొదటి పెద్ద కేంద్రం ప్రపంచంలో అదే. దాని పక్కనే గీజర్ లోయ ఉండేది. లోపలి నీటిని తోడేకొద్దీ ఆ లోయలోని గీజర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నీటిని తిరిగి లోపలికి పంపకుండా దశాబ్దాల పాటు వైకాటో నదిలోకి వదిలారు. లోపల ఖాళీ అయిన చోట నేల కుంగుతూ వచ్చి, ఒక చోట పదిహేను మీటర్ల దాకా దిగిపోయింది. అయిదంతస్తుల మేడ ఎత్తది.

ఒహాకి కథ ఇంకా బాధాకరం. నాతి తాహు తెగకు అక్కడొక గొప్ప గుండం ఉండేది. తెల్లటి సిలికా అంచుల మధ్య నీలాకుపచ్చగా మెరిసే మరిగే నీరు. బావులు తవ్వి పరీక్షించడం మొదలయ్యాక దాని నీరు దిగిపోయింది. చివరికి అడుగున కాంక్రీటు పోసి, బోరు నీటిని పైపులతో నింపి గుండంలా నిలబెట్టవలసి వచ్చింది. 1980ల చివర కేంద్రం కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాక నది ఒడ్డున ఉన్న వాళ్ల సమావేశ ప్రాంగణం చుట్టూ నేల కుంగింది, వరద ముప్పు దగ్గరైంది. అంతా చేసి ఆ క్షేత్రం అనుకున్నంత కరెంటు ఎక్కువ కాలం ఇవ్వలేకపోయింది; ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. హద్దు లేకుండా లాగితే ఊరూ నష్టపోతుంది, కంపెనీ కూడా నష్టపోతుంది. బొగ్గుతో పోల్చిన కార్బన్ లెక్కలో ఇది స్వచ్ఛమైన కరెంటే. ఆ తెగ పెద్దల లెక్కలో పోయింది తిరిగి రానిది.

ఉత్తరాన నాఫా వేడిబుగ్గల విషయంలో నాపూహి హపూలు, మావోరీలతో రాజ్యం చేసుకున్న ఒప్పందం ఉల్లంఘనలను విచారించే వైతంగి ట్రిబ్యునల్‌కు ఎక్కారు. ఆ బుగ్గలు వాళ్ల అమూల్య వారసత్వమని, వాటి విషయంలో రాజ్యం తన ఒప్పంద బాధ్యత నిలబెట్టుకోలేదని ట్రిబ్యునల్ 1993లో తేల్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో గమనించాలి. నాఫాలో కరెంటు ప్రయత్నం ఆగిపోలేదు. 1998లో దాదాపు పది మెగావాట్లతో చిన్న కేంద్రం మొదలైంది. తోడిన ద్రవాన్ని తిరిగి పంపుతూ, బుగ్గలను కొలుస్తూ, ఇబ్బంది లేదని చూసుకుని 2008లో పెంచారు; 2020 చివర మరో యూనిట్ కలిపారు. ఒకడుగు వేసి, కొలిచి, ఇంకో అడుగు వేశారు. ఊరి భయానికి విలువ ఇచ్చినందువల్లే ఆ క్షేత్రం ఆరోగ్యంగా పెరిగింది.

"అడిగితే ఆలస్యం"

ఆలస్యం మాటకొస్తే టౌహరా విద్యుత్ కేంద్రం సంగతి చూద్దాం. టౌహరా రెండో దశకు విచారణ మండలి బహిరంగంగా వాదనలు విని 2010 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మండలికి చట్టం తొమ్మిది నెలల గడువు పెట్టింది. కంపెనీ పెట్టుబడి పెడుతున్నామని ప్రకటించింది 2021 ఫిబ్రవరిలో. కేంద్రం కరెంటు ఇచ్చింది 2024లో. నడుమ పోయిన పదేళ్లలో జనం ఒక్క రోజు కూడా ఆపలేదు. దేశంలో కరెంటు గిరాకీ పెరగలేదు, కంపెనీ ఎదురుచూసింది. వ్యాపార లెక్కల వల్ల పదేళ్లు ఆగితే వివేకం, ఊరి మాట వినడానికి నెలలు పడితే ఆటంకం అనడం ఏ న్యాయం?

ఊరిని అడిగితే అన్నిటికీ వద్దంటుందన్నది ఇంకో అపోహ. మోకాయ్ కేంద్రంలో ముప్పావు వాటా తువారోపాకి ట్రస్టుది. అంటే ఆ భూమి యజమానులైన మావోరీలదే. ఆ ఆవిరితోనే పక్కన మావోరీల సొంత పాలపొడి కర్మాగారం 2011 నుంచి నడుస్తోంది. రొటోకావాలో 2010లో వచ్చిన 140 మెగావాట్ల నా అవా పూరువా కేంద్రంలోనూ స్థానిక మావోరీ భూమి ట్రస్టు భాగస్వామి. తమ వనరు మీద తమకు నిర్ణయాధికారం ఉందని నమ్మకం కుదిరిన చోట ఈ మనుషులే ముందుకొచ్చి బావులు తవ్వించుకున్నారు. ఎదిరించింది అభివృద్ధిని కాదు, తమను లెక్కలోకి తీసుకోకపోవడాన్ని.

ఇప్పుడు న్యూజిలాండ్ ప్రభుత్వం 2040 నాటికి భూతాప శక్తి వాడకాన్ని రెట్టింపు చేస్తామంటోంది. 2024 చివర సత్వర అనుమతుల చట్టం చేసింది. 1991 చట్టం స్థానంలో కొత్త చట్టాలు తెచ్చే పనిలో ఉంది. రెట్టింపు లక్ష్యంతో తగువు లేదు. కాని ప్రాంతీయ సమీక్షలను, వాటిలో హపూల చోటును నెమ్మదితనంగా చూసి కత్తిరిస్తే 1953 నాటి తప్పు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కూడా దేశానికి కరెంటు అర్జెంటుగా కావాలనే అన్నారు.

సంప్రదింపు అంటే ఏమిటి?

ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో జరిగే తంతును నేను సమర్థించడం లేదు. అన్నీ తేల్చుకున్నాక, వందల పేజీల నివేదికను ఊరికి అర్థంకాని భాషలో పెట్టి, షామియానా కింద రెండు గంటల సభ జరిపి, సంతకాలు తీసుకుని పోయే పద్ధతి మన దగ్గర బాగా అలవాటైంది. బొగ్గు గనులకూ, థర్మల్ కేంద్రాలకూ, అణు కేంద్రాలకూ అలాంటి సభలు చూశాం. ఆ సభల వల్ల ఆలస్యం జరుగుతోందని ఎవరైనా అంటే, ఆ ఆలస్యంలో పనికొచ్చే పని ఏమీ జరగలేదన్నది నిజం. అందుకు మందు సభను రద్దు చేయడం కాదు, సభను నిజం చేయడం.

నిజమైన సమీక్షకు కొన్ని లక్షణాలుంటాయి. ముసాయిదా రాయకముందే జనం దగ్గరకు వెళ్లాలి. బావుల కొలతలు, నీటి రసాయన పరీక్షలు ఊరి భాషలో, ఊళ్లో అందరికీ కనపడేట్టు పెట్టాలి. ఒక అభ్యంతరాన్ని తోసిపుచ్చితే ఎందుకు తోసిపుచ్చారో కాగితం మీద రాయాలి. పీడనం ఇంతకన్నా తగ్గితే, బుగ్గ ఇంతకన్నా దిగితే తోడడం తగ్గించాలన్న హద్దులు ముందే నిర్ణయించాలి. కంపెనీతో సంబంధం లేని నిపుణులు ఏటా లెక్కలు తనిఖీ చేయాలి. వాడకందారు ఎవరైనా తీసిన ద్రవాన్ని తిరిగి లోపలికి పంపే బాధ్యత మోయాలి. స్థానికులు తమ సంప్రదాయం ప్రకారం ఉమ్మడిగా వాడుకునే నీటిని అనుమతుల తిరకాసులో ఇరికించకూడదు. న్యూజిలాండ్ చట్టం, పర్యావరణానికి చెరుపు చేయనంతవరకు, ఈ మినహాయింపును స్పష్టంగా ఇచ్చింది. గడువు దాటకుండా నియమాలన్నిటినీ మళ్లీ తిరగేయాలి. వీటిలో ఏ ఒక్కటీ ఆకాశానికి నిచ్చెన వేయడం కాదు.

మన గడ్డ మీద

ఈ చర్చ మనకు దూరపు కబురు కాదు. మణుగూరు దగ్గర పగిడేరులో లోతుగా వేసిన బోరులోంచి వేడినీరు దానంతట అదే ఉబికి వస్తుంది. అక్కడే సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప ప్లాంటు చేపట్టింది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. భక్తులు అందులో స్నానాలు చేస్తారు. లద్దాఖ్‌లోని పుగా లోయలో ఒక మెగావాటు కేంద్రానికి 2021 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది తవ్వకంలో వేడి ద్రవం పొంగి వాగులో కలిసింది, పని ఆపవలసి వచ్చింది. ఆ వాగు వెంటే చాంగ్‌పా కాపరులు తమ మందలను మేపుకుంటారు. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ భూతాప విధానాన్ని ప్రకటించింది. రేపు కంపెనీలు గోదావరి లోయకు వస్తాయి. రావాలి కూడా.

వచ్చేలోపు మన నియమాలు సిద్ధంగా ఉండాలి. మణుగూరు ఏజెన్సీ ప్రాంతం. అక్కడ గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం బలం ఉంది. గిరిజన భూముల విషయంలో సుప్రీంకోర్టు 1997 నాటి సమత తీర్పు మార్గం చూపింది. బోర్ల అదుపు కోసం 2002లో చేసుకున్న వాల్టా చట్టం ఉంది. నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం. కాబట్టి ఢిల్లీ విధానం చాలులే అని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేతులు ముడుచుకోవడానికి వీల్లేదు. లోతైన నీటిలో కరిగి వచ్చే ఖనిజం మనిషి ఎముకను ఏం చేస్తుందో నల్లగొండ మనకు నేర్పింది. వేడినీటిలో ఫ్లోరైడ్, ఆర్సెనిక్, బోరాన్ వంటివి ఉండడం ప్రపంచమంతటా తెలిసిన సంగతే. వాడేసిన ఆ నీరు ఏ వాగులోకి పోతుంది, ఎవరి చెలమలో చేరుతుంది అని ముందు అడిగేది కోయ పల్లెలే. అడగనివ్వాలి. జవాబు చెప్పాలి. అది రాతపూర్వకంగా ఉండాలి.

నేను కోరేది చాలా చిన్నది. మొదటి పెద్ద బావి తవ్వకముందే రెండు రాష్ట్రాలూ గోదావరి లోయ భూతాప క్షేత్రానికి ప్రత్యేక నిబంధనలు రాయాలి. వాటి ముసాయిదా తెలుగులో, కోయలో గ్రామసభల ముందుకు రావాలి. ఇవాళ అక్కడి బుగ్గలు, బోర్లు ఎలా ఉన్నాయో స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి కొలిపించి, ఆ అంకెలను ఊరి గోడ మీద రాయించాలి. అయిదేళ్లకోసారి నిబంధనలను ఆ సభల ముందే సమీక్షించాలి. విలేకరులు, శాసనసభ్యులు, ఇంధన శాఖ అధికారులు ఈ నాలుగు పనుల గురించి ఇప్పుడే అడగాలి. బావులు పడ్డాక అడిగితే రోటోరువాలోలాగా మూయించడమే మిగులుతుంది.